పెరటితోటలో కప్పల బెడద



తొలకరి కురిసిన నాలుగు దినములకే మన పెరళ్ళ స్వరూపము మాఱిపోవును. ఎండకు మాడిన గరిక చిగిర్చును. మల్లెపొద క్రొత్త రెమ్మలు వేయును. బీర, పొట్ల, సొఱ పాదులలో మొలకలు తల యెత్తును. వానితోపాటే కప్పలును వచ్చును. దీపము పెట్టగానే వసారాలో గెంతునవి కొన్ని, జాలాడి తూములోనుండి తొంగిచూచునవి కొన్ని, స్నానాలగది గోడ నంటుకొని కదలక కూర్చుండునవి మఱికొన్ని. పసిబిడ్డ గల తల్లికి వాని యఱపు నిద్ర చెఱచును. చీకటిలో పెరటిలోనికి పోవలసిన ముసలమ్మకు కప్ప యున్నచోట పామును ఉండునేమో యని భయము.

వీనిని వదల్చుకొను మార్గ మేదియని ప్రతి వర్షకాలమునను గృహిణులు అడుగుచుందురు. ఉప్పు చల్లవచ్చునా, ఫినాయిలు పోయవచ్చునా, పట్టించి చంపింపవచ్చునా యనియు అడుగుదురు. ఈ మాసమున ఆ సంగతియే ముచ్చటించుకొందము.

కప్ప మన యింటిపై పగబట్టి రాదు. దానికి కావలసినవి మూడే: తడి, తిండి, పగటివేళ తలదాచుకొనుటకు చల్లని నీడ. ఈ మూడింటిని మనమే తెలియక గడప దగ్గఱ అమర్చిపెట్టుచున్నాము. ఇంటి దాపున వీనిని తొలగించినచో కప్ప తనంతట తానే దూరముగా పోవును. తోట చివరనుండు కప్పను మాత్రము తఱుమ నక్కఱలేదు. అది మన కూరపాదులకు జీతము లేని కాపరి. కావున మన ప్రయత్నమంతయు కప్పను ఇంటికి దూరము చేయుటయందే యుండవలెను గాని, తోటలో లేకుండ చేయుటయందు ఉండరాదు.

ఏ కప్ప ఏది?

మన పెరళ్ళలో తఱచుగా కనబడునవి నాలుగు రకములు. వాని తీరు తెలిసినచో వారించుట సులభము.

మొదటిది గోదురుకప్ప. ఒడలెల్ల బొడిపెలతో గరుకుగా నుండి, కన్నుల వెనుక ఉబ్బిన రెండు గ్రంథులు గలది. పగలు ఇటుకల సందులందును పూలకుండీల క్రిందను దాగి, సంజ చీకటి పడగానే దీపము క్రిందికి వచ్చి పురుగులకై కాచుకొని యుండును. ఇంటిలోనికి చొఱబడువానిలో ఇదియే ముఖ్యము.

రెండవది బావురుకప్ప. అన్నిటికంటె పెద్దది. మొదటి పెద్దవాన పడగానే మగకప్పలు పసుపుపచ్చని రంగు దాల్చి, గొంతు కిరువైపుల నీలపు తిత్తులు ఉబ్బించి అఱచును. మన నిద్ర చెఱచు గొంతులలో పెద్ద గొంతు దీనిదే. అఱచునది మగదియే, ఆడుదానిని పిలుచుటకే అఱచును. ఈ గోల పెద్దవాన వెంట వచ్చు కొన్ని రాత్రులు మాత్రమే మిక్కుటముగా నుండి, పిదప తగ్గిపోవును. ఆ కొలది రాత్రులకై విషము వెదకనేల?

మూడవది చెట్టుకప్ప. సన్నని నడుము, పొడవైన కాళ్ళు, వ్రేళ్ళ కొనలయందు గుండ్రని పళ్ళెములవంటి దిమ్మలు గలది. వానితో అద్దముమీదకును ఎగబ్రాకగలదు. వేసవిలో బయట తడి దొరకక స్నానాలగదులను, కుళాయి తొట్లను ఆశ్రయించును. నీటికి పైనున్న ఆకులకో తొట్టి గోడకో తెల్లని నురుగు ముద్ద అంటియున్నచో అది దీని గ్రుడ్ల గూడు. పిల్లలు ఆ నురుగునుండి జాఱి నీటిలో పడును.

నాలుగవది నీటికప్ప. నూతిలోను, కుంటలోను, పెద్ద తొట్టిలోను కన్నులు మాత్రము పైకి పెట్టి తేలుచుండును. అలికిడి కాగానే నీటిమీద చెంగుచెంగున దాటిపోవును. ఇది ఇంటిలోనికి రాదు. నీటినే అంటిపెట్టుకొని యుండును.

చంపుట ఏల కూడదు?

కప్పకు ఆహారము పురుగులు, చెదలు, పేడపురుగులు, మిడుతలు, రెక్కల పురుగులు. వంగమొక్కను, బెండమొక్కను కొఱుకు పురుగులలో పెక్కులు రాత్రివేళ తిరుగునవి. ఆ వేళ మనము మేల్కొనియుండము. కప్ప మేల్కొని యుండును.

ఇది ఇంటింటి సంగతి. దేశమున జరిగినది ఇంకను పెద్దది. పూర్వము మన దేశమునుండి ఏటేట వేల టన్నుల కప్పకాళ్ళు ఐరోపా, అమెరికా దేశముల భోజనశాలలకు ఎగుమతి యగుచుండెను. ఇందుకై పట్టువానిలో బావురుకప్పయే ముఖ్యము. వరిచేలలోని కప్పలు తఱిగి పురుగులు పెచ్చు పెరుగుననియు, రైతులు పురుగుమందు లెక్కువగా వాడవలసివచ్చుననియు ప్రకృతి శాస్త్రజ్ఞులు మొఱపెట్టిరి. 1985లో బావురుకప్ప అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ పట్టికకు ఎక్కినది. 1987లో భారత ప్రభుత్వము కప్పకాళ్ళ ఎగుమతిని నిషేధించినది.

మన పల్లెలలో వానలు కుఱియనప్పుడు రోకలికి వేపమండలతో కప్పను గట్టి, కప్పతల్లియని ఇల్లిల్లు త్రిప్పెడి ఆచారము మీరు ఎఱిగినదే. ఇల్లాండ్రు దానిపై బిందెడు నీళ్ళు క్రుమ్మరింతురు. వానను కప్పతో ముడిపెట్టి చూచిన పెద్దల కంటికి కప్ప పగవాడుగా కనబడలేదు.

నీటి విషయము

ముందుగా పెరడంతయు ఒకమాఱు తిరిగి, నీరు ఎక్కడెక్కడ నిలుచుచున్నదో చూడుడు. పగిలిన కుండ, బోర్లింపని గాబు, రుబ్బురోటి గుంట, పాతటైరు, ప్లాస్టిక్ డబ్బా, పూలకుండీ క్రింది పళ్ళెము, కూలరు తొట్టి, ఏసీ గొట్టపు బొట్లు పడి యేర్పడిన మడుగు, పాత్రలు కడుగుచోట చేరిన కుంట: ఇవియన్నియు కప్పకు చలివేంద్రములే.

వారమునకు ఒకనాడు, శుక్రవారమే యనుకొందము, వీనినన్నిటిని ఖాళీచేసి, లోపలి గోడలను కొబ్బరిపీచుతో తోమి, ఎండలో బోర్లింపవలెను. వారమే ఏల యనగా, దోమ గ్రుడ్డు పొదిగి రెక్కలు వచ్చుటకు ఈ కాలమున ఇంచుమించు వారము పది దినములు పట్టును. కప్పపిల్లకు తోక యూడి నేలపైకి వచ్చుటకు వారములు పట్టును. వారమునకు ఒకసారి నీరు మార్చినచో ఈ రెండును ఎదుగవు. దోమకడుపులో మలేరియా క్రిమి పెరుగుట 1897లో మన సికిందరాబాదుననే రోనాల్డు రాసు అను వైద్యుడు కనుగొనెను. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమయు మన యింటి కుండీలలోని తేట నీటిలోనే గ్రుడ్లు పెట్టును. కప్పలు దోమలను తినునుగదా యని నీటిని నిలువయుంచుట మాత్రము పొరపాటు. దోమలు పుట్టు వేగమునకు కప్ప నోరు చాలదు.

పాదులకు నీరు సాయంకాలము పోయు అలవాటు మనలో పెక్కురకు గలదు. కప్పల బెడదయున్న ఇండ్లలో దానిని ఉదయమునకు మార్చుకొనవలెను. ప్రొద్దుట పోసిన నీరు వేళ్ళకు దిగి, సాయంకాలమునకు నేల పైపొర ఆఱియుండును. సాయంకాలము తడిపిన నేల రాత్రియంతయు చల్లగానుండి కప్పలను పిలుచును. నీటిని మొదలునకే పోయుడు. నడవ నేలంతయు తడుపవలదు. జాలాడి నీరు కాలువగా పాఱి అరటిమొక్కల మొదలునకు చేరునట్లు వాలు కల్పించినచో మడుగు కట్టదు, అరటికిని మేలు.

తామరకుండీయున్నవారు దానిని ఇంటిగోడకు దూరముగ నుంచవలెను. నల్లని పూసలు గ్రుచ్చినట్లు జిగురుదారములు నీటిలో కనబడినచో అవి గోదురుకప్ప గ్రుడ్లు. ఒక్క కప్పయే వేలకొలది పెట్టును. ఆ దారములను కఱ్ఱతో చుట్టి తీసి, సమీపపు కుంటలో వేయవచ్చును.

దీపము, నీడ

కప్ప దీపమునకు రాదు. దీపమునకు వచ్చు పురుగులకై వచ్చును. వాకిట తెల్లని ప్రకాశవంతమైన బల్బు రాత్రియంతయు వెలుగుచున్నచో దానిక్రింద పురుగులు రాలును, కప్పలు చేరును. పసుపు వన్నె వెలుతురునకు పురుగులు తక్కువగా వచ్చును. కావున వాకిట అట్టి బల్బు పెట్టి, అవసరము లేనప్పుడు ఆర్పవలెను. గడపకు సరిగా పైని గాక, నాలుగడుగుల దూరమున దీపమున్నచో పురుగులును అక్కడనే యుండును.

ఇక నీడ. గోడవార పేర్చిన ఇటుకలు, కట్టెలమోపు, కొబ్బరిమట్టలు, పాత గోనెలు, చిందరవందరగ పడియున్న పూలకుండీలు కప్పకు పగటి నివాసములు. కట్టెలను నేలనుండి ఒక అడుగు ఎత్తున బల్లపై పేర్చుడు. కుండీలను ఇటుకముక్కలపై నిలిపినచో క్రింద గాలియాడి తడి ఆఱును. గరికను పొట్టిగా కోయించుడు. ఇంటిగోడ చుట్టు రెండడుగుల మేర మొక్క, చెత్త లేకుండ కంకర పఱచినను, ఊడ్చి శుభ్రముగా నుంచినను, కప్పలు ఆ పొడిచోటు దాటుటకు సంకోచించును. ఎదురుగ తోట చివర, నూతికి అవతల, రాలిన ఆకులతో చిన్న కుప్ప వదలుడు. ఇంటి దగ్గఱ చోటు లేని కప్ప అక్కడ చేరును.

ద్వారములు, తూములు

జాలాడి తూము, స్నానాలగది నీరు పోవు రంధ్రము, వాననీటి గొట్టపు మొదలు: ఈ మూడింటికి పావు అంగుళమునకు మించని కన్నులుగల జాలి బిగింపవలెను. అన్నపుమెతుకులును వెండ్రుకలును అడ్డుపడును గావున దినమున కొకమాఱు దానిని తీసి కడుగుట మఱువరాదు. స్నానాలగది గవాక్షమునకు దోమతెర వంటి సన్నని జాలి చెట్టుకప్పను ఆపును. వెనుక తలుపుక్రింద సందున్నచో రబ్బరుపట్టీ కొట్టింపుడు. అది లేనివారు పాతగుడ్డను చుట్టి రాత్రివేళ అడ్డముగా వేయవచ్చును. సంపునకును, నీటి తొట్టికిని మూత గట్టిగా నుండవలెను. త్రాగునీటి బిందెపై గుడ్డగాని మూతగాని లేకుండ ఎన్నడు నుంచరాదు.

నూతిలో కప్పలున్నవని భయపడి మందులు పోయింపకుడు. నుయ్యి గట్టు చుట్టు పగుళ్ళు పూడ్పించి, పైని జాలి వేయించుడు. త్రాగుటకు తోడిన నీటిని వడగట్టి, మఱగించి, చల్లార్చి వాడుడు. నూతిలో కప్పయున్నను లేకున్నను ఇట్లు చేయుట మంచిది.

కూరమళ్ళు చిన్నవై, వాని చుట్టు కంచె వేయదలచినవారు రెండడుగుల ఎత్తుగల సన్నజాలిని తెచ్చి, అడుగుభాగమును ఆఱు అంగుళముల లోతున పాతింపవలెను. ఇది గోదురుకప్పను ఆపును గాని చెట్టుకప్పను ఆపదు. వ్యయమును శ్రమయు ఎక్కువ. పై పనులు చేసిన పిదప అవసరమనిపించిననే దీనికి పూనుకొనుడు.

చేయరాని పనులు

ఉప్పు చల్లుట మనలో వ్యాపించియున్న చిట్కా. కప్ప తన చర్మము ద్వారమున నీటిని పీల్చుకొనును. కొంతవఱకు ఊపిరియు ఆ చర్మముతోనే పీల్చును. ఉప్పు ఆ తడినంతయు లాగివేయగా అది గిలగిల కొట్టుకొని చచ్చును. అంతటితో పోదు. ఆ యుప్పు నేలలో దిగి తులసికిని, కరివేపకును, మల్లెకును చెఱుపు చేయును. ఫినాయిలు, కిరసనాయిలు, బ్లీచింగుపొడి, పురుగుమందు కూడ అట్టివే. పెరటిలో పోసినది వానతో నూతికి దిగును. ప్రాకులాడు బిడ్డ చేతికి అంటును. చచ్చిన కప్పను కోడి తినును, పిల్లి తినును. చచ్చినవానిస్థానమున, తడియు తిండియు అట్లే యున్నచో, వారము తిరుగకముందే ప్రక్కదొడ్డినుండి క్రొత్తవి వచ్చి చేరును. మరల ఉప్పు కొనవలసినదే.

లోనికి వచ్చినదానిని పంపుట

ఎంత జాగ్రత్తపడినను ఒకటి రెండు లోనికి రాకపోవు. చీపురుకట్టతో కొట్టుచు వెంబడించినచో అది మంచముక్రిందికో బియ్యపుడబ్బా వెనుకకో దూరును. పట్టదలచినవారికి కప్పల తక్కెడ సామెత అర్థ మగును. తలుపులు మూసి, ఒక వెడల్పు గిన్నెను మెల్లగా దానిపై బోర్లించి, క్రిందినుండి అట్టముక్క చొప్పించి, రెంటిని కలిపి యెత్తి తోట చివర విడువవలెను. చేతితో పట్టవలసివచ్చినచో చేతిని నీటితో తడుపుకొనుడు, లేదా తడిగుడ్డ ఉపయోగింపుడు. పొడిచేయి దాని చర్మమునకు హాని. పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

దూరముగా, ఊరు దాటించి విడుచుట మంచిది గాదు. తనది కాని చోట విడిచిన ప్రాణివలన ఎంత చేటు మూడునో చెప్పుటకు రెండు నిదర్శనములు. చెఱకుతోటలోని పురుగులను తినునని 1935లో ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండునకు దక్షిణ అమెరికా జాతి గోదురుకప్పను తెచ్చి విడిచిరి. అది ఆ పురుగులను తగ్గింపలేదు సరిగదా, తానే లెక్కకు మీఱి పెరిగి అచ్చటి జంతువులకు విషమై కూర్చున్నది. మన బావురుకప్పయు అండమాను దీవులకు చేరి, అచ్చటి చిన్నకప్పల పిల్లలను తినుచున్నది. చేపల పెంపకమునకై తెచ్చిన చేపపిల్లలతో కలిసి పోయినదని పరిశోధకుల యభిప్రాయము. ఏ పెరటి కప్పను ఆ పెరటిలోనే దూరముగ విడుచుట మేలు.

పాముల భయము

ఇప్పుడు ముసలమ్మ భయమునకు వత్తము. అది నిరాధారము గాదు. నీరుకట్టె, జెర్రిపోతు, నాగుపాము కప్పలను వెదకికొని వచ్చును. మొదటి రెండును విషము లేనివి. నాగుపాము మాత్రము ప్రాణాంతకము. కావున గడపదగ్గఱ కప్పలు గుంపుగా చేరకుండ చూచుకొనుట కేవలము అసహ్యమును తీర్చుకొనుట గాదు. అది పిల్లల ప్రాణరక్షణము. ఎలుకలును పాములను పిలుచును. ధాన్యము, కోళ్ళమేత చిందకుండ చూడవలెను.

2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటున మరణించినవారు సుమారు 12 లక్షలని ఒక పెద్ద పరిశోధనమున తేలినది. అందు సగము మరణములు జూను నుండి సెప్టెంబరు వఱకు గల వానకాలముననే జరిగినవి. ఆంధ్ర, తెలంగాణము లున్న మన ప్రాంతము ఎక్కువ నష్టపడిన వానిలో నొకటి. కావున వానకాలపు రాత్రులందు లాంతరుగాని టార్చిగాని లేక పెరటిలోనికి పోకుడు. చెప్పులు తొడుగుకొనుడు. కట్టెలను తీయునప్పుడు ముందు కఱ్ఱతో కదల్చి చూడుడు. నేలపై పడుకొనువారు దోమతెర కట్టి అంచులను చాపక్రిందికి దోపుకొనుడు.

దైవము మేలుచేయక పాము కఱచినచో కోయుట, పీల్చుట, గట్టిగా కట్టుకట్టుట కూడదు. మంత్రము, పసరు అనుచు కాలము పోగొట్టరాదు. కఱచినచోటికి దగ్గఱనున్న గాజులు, ఉంగరములు, మట్టెలు తీసివేసి, ఆ యవయవమును కదల్పక, రోగిని నడిపింపక, ధైర్యము చెప్పుచు విషహరమగు సూదిమందు గల ఆస్పత్రికి వెంటనే చేర్పవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకు ఒకటే మందు పనిచేయును. అది మీ దగ్గఱలో ఏ ఆస్పత్రియందు దొరకునో ముందే కనుగొని గోడపై వ్రాసి యుంచుకొనుడు.

పిల్లలకు చెప్పవలసినది

కప్పను ముట్టిన పులిపిరులు వచ్చునని పిల్లలు చెప్పుకొందురు. అది నిజము గాదు. పులిపిరులు మనుష్యులనుండి మనుష్యులకు అంటు సూక్ష్మక్రిమి వలన గలుగును. కాని గోదురుకప్ప కన్నుల వెనుక గ్రంథులనుండి, బాధించినప్పుడు, పాలవంటి రసము స్రవించును. అది కంటికి తగిలిన మంట. నోటికి పోయిన కీడు. కుక్క దానిని కఱచి నోట నురుగు గ్రక్కుటకు కారణ మిదే. కావున కప్పతో ఆడరాదు, రాళ్ళు రువ్వరాదు, పొరపాటున ముట్టినచో సబ్బుతో చేతులు కడుగుకొనవలెనని వారికి నేర్పుడు.

పనుల పట్టిక

ప్రతిదినము: పాదులకు ఉదయమే నీరు, రాత్రి పండుకొనుటకు ముందు తూము జాలి, వెనుక తలుపు, బిందెమూతలు చూచుకొనుట.

ప్రతి శుక్రవారము: నిలువనీరున్న పాత్రలన్నిటిని ఒలికించి, తోమి, బోర్లించుట.

పక్షమునకు ఒకసారి: గోడవార గరిక కోయించి, కుండీలను జరిపి క్రింద ఊడ్పించుట.

నెలకు ఒకసారి: కట్టెలు, ఇటుకలు, మట్టలు కదల్చి సర్దుట. ఇది పగటివేళ, కఱ్ఱ చేతబట్టుకొనియే.

పని ఒక్కరిదే గానక్కఱలేదు. శుక్రవారపు పనిని పెద్దపిల్లలకును, జాలి బిగించుటను మగవారికిని అప్పగింపుడు. ఆషాఢమున ఇది ఆరంభించినచో, శ్రావణ మంగళవారములందు పేరంటాండ్రు శనగల వాయినమునకు సంజవేళ మీ వాకిట అడుగుపెట్టునాటికి నేల పొడిగా నుండును. కప్పలు తోట చివర తమ పనిలో తామును, మీరు మీ పేరంటములో మీరును ఉందురు.